మూసిన కొట్టుకు అద్దె

ఈ స్మారకోపన్యాసం పెట్టించిన కుటుంబంవారు నన్ను కోరింది ఒక్కటే: చట్టం చెప్పండి, కానీ బజారుకు అర్థమయ్యేట్టు చెప్పండి అని. మనం తలచుకుంటున్న పెద్దాయన మన అండమాన్‌లోని అబర్డీన్ బజార్‌లో జీవితమంతా అద్దె కొట్టులోనే వ్యాపారం చేశారు. అందుకని ఈ సాయంత్రం అద్దె గురించే మాట్లాడతాను.

2020 మార్చి 24 అర్ధరాత్రి నుంచి దేశమంతా లాక్‌డౌన్. 26న అండమాన్‌లో తొలి కరోనా కేసు తేలింది. మెయిన్‌ల్యాండ్‌లో బజారు తెరిచిన రోజున పక్క ఊరివాడు బస్సెక్కి వస్తాడు. ఇక్కడికి రావాలంటే ఓడో విమానమో ఉండాలి. ముత్యాలు, గవ్వల బొమ్మలు అమ్మేవారు, లాడ్జీలు, ట్రావెల్స్ నడిపేవారు బతికేది పర్యాటకుడి మీద. తాళం తీసుకోవచ్చని చెప్పాక కూడా గిరాకీ వెంటనే రాలేదు. అద్దె మాత్రం ఒకటో తారీఖు తప్పలేదు.

అప్పుడు అద్దెదారు వకీలు దగ్గరికి వెళ్తే ఆయన ముందుగా తెరిచేది 1872 నాటి ఒప్పందాల చట్టం, 56వ సెక్షన్. చేయడం అసాధ్యమైపోయిన పనికి సంబంధించిన ఒప్పందం చెల్లదంటుందది. వినగానే ప్రాణం లేచొస్తుంది. కానీ రాజా ధ్రువదేవ్ చంద్ కేసులో సుప్రీంకోర్టు 1968లోనే ఆ తలుపు వేసేసింది. ఆయన పంజాబ్‌లో భూమి కౌలుకు తీసుకుని డబ్బు కట్టాడు. 1947 విభజనలో ఆ భూమి పాకిస్తాన్‌లో ఉండిపోయింది, ఆయన ఇటు వచ్చేశాడు. డబ్బు వెనక్కి ఇప్పించమంటే కోర్టు కాదంది. భూమి చేతికి అప్పగించడంతోనే కౌలు ఖరారైపోయింది, ఇక 56వ సెక్షన్‌కు అక్కడ పనిలేదని తేల్చింది.

మిగిలింది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 108వ సెక్షన్. నిప్పు, తుపాను, వరద, సైన్యం లేదా మూకల దౌర్జన్యం, ఆపశక్యం కాని మరే బలం వల్లనైనా ఆస్తి నాశనమైతే, లేదా శాశ్వతంగా పనికిరాకుండా పోతే, అద్దెదారు ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. ఇంగ్లండ్ అంతర్యుద్ధంలో ప్రిన్స్ రూపర్ట్ సైన్యం తరిమేసిన కౌలుదారు కూడా కౌలు కట్టి తీరాలని 1647లో అక్కడి కోర్టు అన్నది. దాంతో పోలిస్తే మన చట్టం దయగలదే. 1942 మార్చిలో జపాన్ సైన్యం దిగిన ఊరికి ఆ దయ విలువ వేరే చెప్పాలా? కానీ వైరస్ గోడలను ముట్టుకోదు. పైగా ఈ సెక్షన్ ఇచ్చేది కొట్టు వదిలి పోయే హక్కు. ఏళ్లతరబడి గిరాకీ కూడగట్టిన చోటు వదులుకోవడం ఉపశమనమంటే నేను ఒప్పుకోను.

మూసిన కొట్టుకు అద్దె కట్టాలా అన్న ప్రశ్న ఢిల్లీలోని ఖాన్ మార్కెట్ చెప్పుల దుకాణం కేసులో నేరుగా వచ్చింది. 1975లో నెలకు 300 రూపాయలకు ఇచ్చిన కొట్టు అది. ఖాళీ చేయించే తీర్పు మీద స్టే కోసం నెలకు మూడున్నర లక్షలు కట్టాలన్న షరతు దాకా వచ్చింది. లాక్‌డౌన్ కాలానికి అద్దె ఆపమని అద్దెదారులు అడిగారు. 2020 మే 21న జస్టిస్ ప్రతిభా ఎం. సింగ్, ఒప్పందంలో అలాంటి షరతు లేనప్పుడు అద్దె ఆపడం కుదరదన్నారు. కట్టడానికి కొంత గడువు మాత్రం ఇచ్చారు. చిన్న వ్యాపారికి మన కోర్టు ఇవ్వగలిగింది అంతే. మాట మీద నడిచే అద్దెల్లో షరతులు ఎక్కడ వెతుకుతాం?

ఇంతకీ ఉపశమనం లేదా అంటే, ఉంది. చిరునామా చూసి వెళ్లింది. సర్కారుకు సరుకు సరఫరా చేసేవారికి కరోనాను ప్రకృతి విపత్తుగా లెక్కించవచ్చని ఆర్థిక శాఖ 2020 ఫిబ్రవరి 19నే, లాక్‌డౌన్‌కు నెల ముందే, చెప్పింది. మే 13న బిల్డర్లకు ఆరు నెలల గడువు పెంపు. జూన్ 5 ఆర్డినెన్సుతో, లాక్‌డౌన్ మొదలయ్యాక అప్పు తప్పిన కంపెనీల మీద దివాలా కేసు వేయడం ఆగింది. అద్దె ఇళ్లలో ఉన్న కూలీలను నెల పాటు అద్దె అడగొద్దని హోం శాఖ మార్చి 29న ఆదేశించింది. మాఫీనా, వాయిదానా అన్నది అందులో లేదు. తెలంగాణ కాస్త స్పష్టంగా, ఇంటి అద్దె మూడు నెలలు అడగొద్దు, తర్వాత వాయిదాల్లో తీసుకోండి అంది. కొట్టు అద్దె ఈ కాగితాల్లో దేనిలోనూ లేదు.

యజమానిని విలన్‌ను చేయడం నా ఉద్దేశం కాదు. ఈ బజారులో ఆ అద్దెతోనే ఇల్లు గడిచేవారున్నారు, బ్యాంకు కిస్తీ కట్టేవారున్నారు. రిజర్వు బ్యాంకు ఆ కిస్తీలకు ఆగస్టు 31 దాకా మారటోరియం ఇచ్చింది గానీ వడ్డీ పెరుగుతూనే పోయింది. వడ్డీ మీద వడ్డీ వేయకూడదని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2021 మార్చి 23 అయింది.

వేరే దారి సింగపూర్ చూపింది. అది 2020 ఏప్రిల్ 7న ఓ తాత్కాలిక చట్టం చేసింది. అద్దెదారు నోటీసు ఇస్తే చట్టం పెట్టిన గడువులో యజమాని ఖాళీ చేయించలేడు, దావా వేయలేడు. తగవు వస్తే అసెసర్ తేలుస్తాడు. ఫీజు లేదు, వకీళ్లు లేరు, అప్పీలు లేదు. (నా వృత్తివారికి ఆ రెండో మాట రుచించదు.) గడువుతో నష్టం తీరదని జూన్‌లో ఇంకో అడుగు వేశారు: రాబడి బాగా పడిపోయిన చిన్న దుకాణాలకు నాలుగు నెలల అద్దె మాఫీ, అందులో రెండు నెలల భారం ప్రభుత్వానిది, రెండు నెలలది యజమానిది.

మన సంగతి. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న, రెండో వేవ్ మధ్యలో, నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించింది. యుద్ధం, వరద, కరువు, అగ్ని, తుపాను, భూకంపం వంటి విపత్తుల్లో గడువు ముగిస్తే, విపత్తు ఆగాక మరో నెల దాకా అద్దెదారు ఉండవచ్చన్నది అందులోని ఒక రక్షణ. మహమ్మారి పేరు లేదు, అద్దె పంపకం ఊసూ లేదు. 2023 అక్టోబరులో అదే మంత్రివర్గం రాజ్యాంగంలోని 240వ అధికరణం కింద ఈ దీవుల అద్దె రెగ్యులేషన్‌కు ఆమోదం తెలిపింది.

నేను అడిగేది ఆ రెగ్యులేషన్‌లో చిన్న సవరణ. విపత్తుల జాబితాలో మహమ్మారిని పేరు పెట్టి రాయాలి. ఓడలు, విమానాలు ప్రయాణికులకు నిలిచిన కాలాన్నీ లెక్కలోకి తేవాలి. ఈ దీవుల్లో కొట్టు తెరిచినా నష్టం ఆగనిది అప్పుడే. నమూనా చట్టంలోని రెంట్ అథారిటీ డిప్యూటీ కలెక్టర్ హోదా అధికారి. అద్దె ఎంత తగ్గాలో నెల లోపల తేల్చే అధికారం ఆయనకే ఇస్తే కొత్త కుర్చీ వేయనక్కర్లేదు. అర్జీ తెలుగులోనో, తమిళంలోనో, బెంగాలీలోనో రాసిచ్చినా పుచ్చుకోవాలి. యజమాని వదులుకున్న దాంట్లో సగం ఆస్తి పన్నులో తగ్గించాలి. మున్సిపల్ కౌన్సిల్‌కు పడే ఆ లోటును కేంద్రం భరించాలి, ఎందుకంటే లాక్‌డౌన్ ఉత్తర్వు అక్కడి నుంచే వచ్చింది.