అట్టడుగు జట్టు వెంట



పండుగపూట ఓటముల కథ దేనికని అనుకోకండి. 2024 మార్చి 9న బర్గూరు నుంచి మేము నలుగురం, మా పిల్లవాడితో సహా, జోలార్‌పేటలో రైలెక్కి చెన్నపట్నం వెళ్ళాం. నెహ్రూ స్టేడియంలో చెన్నయిన్‌తో హైదరాబాదు జట్టు ఫుట్‌బాల్ పోటీ. 2022లో గోవాలో కేరళ జట్టును పెనాల్టీలలో ఓడించి కప్పు ఎత్తిన జట్టే అది! రెండేళ్ళు తిరిగేసరికి పట్టికలో అట్టడుగుకు చేరింది. విదేశీ ఆటగాళ్ళు ఒక్కరు తప్ప అందరూ వెళ్ళిపోయారు. ఆ ఏడు అప్పటిదాకా ఒక్క గెలుపూ లేదు. ఇంగ్లండులోనైతే కింది తరగతికి దించేవారు. ఐ.ఎస్.ఎల్.లో అప్పటికి ఆ పద్ధతి అమలులో లేదు గనుక పోయేది పరువొక్కటే.

మా పిల్లవాడు నీలంచొక్కా తొడుక్కొని వచ్చాడు. అది చెన్నై రంగు. "నేను పుట్టింది ఇక్కడే గదా నాయనా," అన్నాడు. మాకు జవాబు తోచలేదు.

మొదటి సగంలోనే సజ్జాద్ పర్రే గోలు కొట్టాడు. చుట్టూ అందరూ మౌనం. మేము లేచి నిలబడ్డాం గాని, అరవడానికి జంకి తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకొన్నాం. ఆపైన గడియారం కదలదే! కొన్న వేరుశెనక్కాయల పొట్లం చివరి ఈల దాకా విప్పనేలేదు. ఆ సీజను మొత్తానికి, 22 ఆటల్లో, హైదరాబాదుకు అదొక్కటే గెలుపు.

తిరుగు రైల్లో పిల్లవాడు అలిగి కిటికీవైపు తిరిగి కూర్చున్నాడు. కాట్పాడి దాటాక, "మీవాళ్ళు బాగానే కాచుకొన్నారు," అన్నాడు. మనవాళ్ళు అనలేదు. పొట్లం విప్పి చెరిసగం తిన్నాం.