ధవళేశ్వరము: ఏటిగట్టు మీది ఊరు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగపాఠము)



రాజుల చరిత్రములు గ్రంథములయందు విరివిగా గలవు. ఊళ్ల చరిత్రములన్ననో దస్తరములలోను, వృద్ధుల నోళ్లలోను మాత్రమే నిలిచి, ఆ వృద్ధులతోడనే అంతరించుచున్నవి. గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన యీ శుభసమయమున ఒక యూరి కథ చెప్పుకొనుట సముచితము. ఆ యూరు ధవళేశ్వరము. దాని పేరు వినని రైతు గోదావరి డెల్టాలో లేడు. అయినను ఆనకట్టను చూచి మరలివచ్చువారే గాని, ఆ యూరిని చూచినవారు తక్కువ.

రాజమహేంద్రవరమునకు దక్షిణముగా కొలది మైళ్ల దూరమున, గోదావరి యెడమ గట్టుపై ధవళేశ్వరము గలదు. నగరము పెరిగి పెరిగి ఈ యూరిని తాకినది. ఎచట నగరము ముగిసి ఎచట ధవళేశ్వరము మొదలగునో క్రొత్తవారికి తెలియదు. ఊరివారికి మాత్రము చక్కగా తెలియును. ఊరి కొండపై జనార్దనస్వామి వెలసియున్నాడు. గోదావరీ తీరమందలి నవ జనార్దన క్షేత్రములలో నిది యొకటియని ప్రతీతి. కొండనుండి చూచినచో నది సముద్రమువలె విశాలమై కనబడును. ఇచ్చటికి దిగువనే గోదావరి గౌతమి, వసిష్ఠ అను పాయలుగా చీలును. ఆ పాయల నడుమ కోనసీమ పచ్చగా పరచుకొనియున్నది.

ఆ పచ్చదనము అనాదిగా వచ్చినది కాదు. 1832-33 సంవత్సరముల కరువులో ఈ తీరప్రాంతమున లెక్కకు మిక్కిలిగా జనులు మడిసిరి. 1839లో తుపాను ఉప్పెన కోరంగిని ముంచినది. జీవనది ప్రక్కనే ప్రవహించుచుండగా పొలములు బీడులై, శిస్తులు రాక, ప్రజలు వలసపోవుచుండిరి. ఆ స్థితిని చూచి సర్ ఆర్థర్ కాటన్ ఆనకట్ట ప్రతిపాదన చేసెను. 1847లో పని మొదలై 1852లో ముగిసినది. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా, నడుమనున్న లంకలను కలుపుకొనుచు ఆ కట్టడము సాగినది. రాతిని ఊరి కొండలనుండియే తీసిరి. ఆ రాతిని మోయుటకై 1840 దశకములోనే ఇచ్చట ఇనుపదారి వేయబడినది. బొంబాయినుండి ఠాణాకు ప్రయాణికుల రైలు నడచినది 1853లో నని తలచినచో, ఆ దారి యెంత పాతదో తెలియును.

కాటన్ దొరను డెల్టా ప్రజలు మరువలేదు. ఏటేట మే 15వ తేదీన ఆయన జయంతినాడు రైతులు ఆయన విగ్రహమునకు పూలమాలలు వేయుదురు. పురోహితులు గోదావరీ స్నాన సంకల్పమున ఆయన పేరును చేర్చెడివారని లోకమున చెప్పుకొందురు. ఆయనకు కుడిభుజమై పనిచేసిన వీణెము వీరన్నను గూడ స్మరించుట ధర్మము. పేరు దక్కని ఉప్పరులు, రాళ్లు కొట్టువారు, పడవవారు వేలకొలది గలరు. వారి చెమటయు ఆ కట్టలో నున్నది. కాటన్ ప్రదర్శనశాలను చూడబోవు పిల్లలకు పెద్దలు ఈ సంగతియు చెప్పవలెను.

నూరేండ్లకు పైగా సేవచేసిన పాత ఆనకట్టకు బదులుగా 1970 దశకమున క్రొత్త బ్యారేజి నిర్మాణము ఆరంభమై, 1980 దశకమున ముగిసినది. దీనికి మొత్తము 175 తలుపులు. ధవళేశ్వరము వద్ద 70, ర్యాలి వద్ద 43, మద్దూరు వద్ద 23, విజ్జేశ్వరము వద్ద 39. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువలక్రింద పది లక్షల యెకరములకు పైగా ఆయకట్టు సాగగుచున్నది. సార్వాకు నదిలో నీరు సమృద్ధి. దాళ్వాకు నది సన్నగిల్లినప్పుడు సీలేరునుండి వచ్చు నీటికై యెదురుచూడవలెను. అప్పుడు వంతులు వేసికొని పారించుకొందురు. తలకట్టున నున్నవాడు తన వంతు మీరెనా, శివారున నున్నవాని చేను ఎండిపోవును.

కాలువలు తెచ్చినది నీరు మాత్రమే కాదు. రోడ్లు సరిగా లేని కాలమున అవియే రహదారులు. ధవళేశ్వరమునుండి కాకినాడ కాలువపై ధాన్యపు పడవలు, జనుల పడవలు లాకులు దాటుచు సాగెడివి. లారీలు వచ్చిన పిమ్మట ఆ పడవలు మరుగునపడినవి. కాలువ పడవపై పుస్తకములు సైతము ప్రయాణము చేసిన దినములు గలవు. 1935లో కృష్ణా డెల్టాలోని పెదపాలెమున పాతూరి నాగభూషణము గారు పడవ గ్రంథాలయము నెలకొల్పిరి. నీటివెంట అక్షరము పోయినదని చెప్పుటకు అంతకంటె వేరొక నిదర్శనము వలదు.

ధవళేశ్వరమునకు అక్షరముతోడి సంబంధము అంతకుముందే కలదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఈ యూరి పాఠశాలలో ప్రధానోపాధ్యాయులుగా పనిచేసిరి. 1874లో ఇచ్చటనే బాలికలకొక పాఠశాలను నెలకొల్పిరి. ‘వివేకవర్ధని’ పత్రికయు ఆ సంవత్సరముననే ఆరంభమైనది. ఆడపిల్లకు అక్షరము చెప్పిన కీడు వచ్చునని తలచు కాలమది. ఆనకట్ట ముగిసిన ఇరువదిరెండేండ్లకే ఆ యూరిలో ఆడపిల్లలు పలక పట్టిరి.

ఊరి నిత్యజీవనము చూడదగినది. తెల్లవారకముందే స్నానఘట్టములందు జనము చేరును. కార్తికమాసమున నదిపై దీపములు తేలును. పన్నెండేండ్లకొకమారు పుష్కరములు వచ్చినప్పుడు ఊరే సత్రమగును. జలవనరుల శాఖ ఉద్యోగులు, లస్కర్లు, పడవవారు, బేస్తలు, నగరమునకు పనికి పోవువారు ఒకే వీధులలో కాపురముందురు. వానకాలమున సముద్రమునుండి ఎదురీదుచు పులస చేప వచ్చినప్పుడు బేస్తవారి యిండ్ల సందడి చెప్పనలవికాదు. పుస్తె లమ్మియైనను పులస తినవలెనన్న సామెత ఆ రుచికి పుట్టినది, ధరకును సరిపోవుచున్నది. ఆ చేప బ్యారేజి దాటి పైకి పోలేదు. మేలు చేసిన కట్టడమే ఒకరి జీవనమునకు హద్దు గీసినదని దీనివలన తెలియుచున్నది.

ఇక వరదల సంగతి. ధవళేశ్వరము వద్ద నీటిమట్టము 11.75 అడుగులకు చేరినప్పుడు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది యెగురవేయుదురు. రమారమి పది లక్షలు, పదమూడు లక్షలు, పదునేడు లక్షల క్యూసెక్కుల ప్రవాహమునకు ఇవి గుర్తులు. ఆ అంకెలు విని కోనసీమ లంకలలోని రైతు పశువులను విప్పును, గింజలను అటక కెక్కించును, పడవను సిద్ధముచేయును. 1953 ఆగస్టులో పెనువరద వచ్చినది. 1986 ఆగస్టులో అంతకుమించి 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు ఇచ్చట దాటి, పలు గ్రామములను ముంచివేసినది. 2022 జులైలో మరల 25 లక్షలు దాటినది. తలుపులన్నియు పైకెత్తిన వేళ ధవళేశ్వరమున నిలిచి చూచువారికి అది వేడుక. దిగువనున్న లంకవారికి అది కొంప మునుగు గడియ.

కావున ఏటిగట్టు మీద కాపురముండుట యనగా గాలికి, స్నానమునకు అనుకూలమగు చోట ఇల్లు కట్టుకొనుట మాత్రమే కాదు. అది యొక కావలి. పూర్వము వరదరాత్రులలో ఇంటికొకరు చొప్పున గట్టుపైకి పోయి, లాంతరు పట్టుకొని, నీరు ఊరుచోటును చూచి, ఇసుక బస్తాలు వేసి గండి పడకుండ కాచెడివారు. కులమేమి, కక్షలేమియని ఆ రాత్రి యెవరును విచారింపలేదు. ఇప్పుడు యంత్రములు, అధికారులు, దూరవాణి హెచ్చరికలు వచ్చినవి, సంతోషమే. కాని ప్రక్కయింటివాని పేరు తెలియని కాపురములును పెరుగుచున్నవి. గట్టు నాక్రమించి పాకలు వేయుట, కాలువలో చెత్త పోయుట ఎక్కువైనవి. తలకట్టున వేసిన చెత్త శివారువాని బిందెలోనికి చేరును. నగరము చేరువైనకొలది ఊరు దూరమగుట తగదు.

ఈ సందర్భమున గ్రంథాలయ సభ్యులకు ఒక విన్నపము. దస్తరమున ఏ యేడు ఎంత శిస్తు వసూలైనదో వ్రాయబడియుండును. ఏ యేడు నీరు ఏ వీధిలోనికి, ఎవరి అరుగుదాక వచ్చినదో ఎచటను వ్రాయబడియుండదు. ఏటియొడ్డున, కాలువయొడ్డున నున్న ప్రతి గ్రంథాలయమును ఒక లావుపాటి పుస్తకము కుట్టించి, 1986 వరదను కన్నులార చూచినవారు సజీవులై యుండగనే వారి నోట విని వ్రాయింపవలెను. నీటిమట్టము, తేదీ, మునిగిన వీధి, మునుగని మెరక, గండిపడిన చోటు, ఆశ్రయమిచ్చిన బడి అన్నియు అందుండవలెను. పిల్లలచేత వ్రాయించినచో వారికి ఊరును తెలియును, అక్షరమును నిలుచును. ఆ పుస్తకమునకు వెల యుండదు. బీరువాలో పెట్టి తాళము మాత్రము వేయకుడు. రాబోవు వరదరాత్రి ఎవరో యొకరు దానిని వెదకుకొనుచు వత్తురు.

స్వస్తి.