కంప్యూటరు స్మృతియు రికార్డు గదియు



నేను చదివినది చరిత్ర. చేయుచున్నది ఫైళ్ల కొలువు. అట్టివాడు కంప్యూటరు స్మృతినిగూర్చి ప్రసంగించుట మీకు వింతగా తోచవచ్చును. కాని మన యిండ్ల పిల్లలు పలువురు ఆ విద్యనే అభ్యసించుచున్నారు. వారి చిక్కు మన రికార్డు గది చిక్కే యని తెలిసినపిమ్మట నాకు ధైర్యము కలిగినది.

ప్రోగ్రాము నడచునపుడు స్మృతిలో కొంత స్థలమును అడిగి తీసికొనును; పని తీఱినపిమ్మట తిరిగి అప్పగింపవలెను. సీ భాషలో ఈ బాధ్యత వ్రాయువానిదే. మఱచినచో స్థలము నిండిపోవును. తొందరపడి ముందే విడిచినచో, ఇంకను కావలసిన సమాచారముపై మఱియొకటి వచ్చి కూర్చుండును. ఈ రెండవదే ఘోరము.

నా కొలువు తొలినాళ్లలో, కాలము తీఱినదని ఒక ఫైలును నాశనముచేయుటకు సంతకము పెట్టితిని. పిమ్మట ఒక వితంతువు పింఛనుకు ఆ ఫైలే కావలసివచ్చెను. అట్టపై తేదీ చూచితినేగాని, వేఱొక ఫైలులో దాని ప్రస్తావన యున్నదేమో చూడనైతిని.

1960లో జాన్ మెకార్తీ పండితుడు లిస్పు భాషనుగూర్చిన వ్యాసమున దీనికి ఉపాయము చూపెను. వాడుకలోనున్న చోట్లనుండి బయలుదేరి, సూచనలను పట్టుకొనిపోయి, చేరగలిగిన ప్రతిదానికిని గుర్తు పెట్టవలెను. గుర్తులేనిదే చెత్త, యంత్రమే దానిని ఏఱివేయును.

ఆ సంవత్సరముననే జార్జి కాలిన్సు వేఱొక మార్గము చెప్పెను: ఒక్కొక్కదానికి ఎన్ని సూచనలున్నవో లెక్కించి, సున్నయైనచో విడిచివేయుట. కాని రెండు ఫైళ్లు ఒకదానినొకటి చూడుమని చెప్పుకొనుచున్నచో, మూడవవాడెవ్వడును అడుగకున్నను లెక్క సున్న కాదు. అట్టి ఫైళ్లను మనమెఱుగనివారము కాము!

సీ భాషకై 1988లో హాన్స్ బోయెమ్, మార్క్ వైజర్ అనువారలు ఒక పద్ధతిని ప్రకటించిరి. అది నేడు లైబ్రరీగా లభించుచున్నది. సీ భాషలో అంకెయేదో, చిరునామాయేదో తెలియదు. కనుక చిరునామావలె కనబడిన ప్రతిదానిని అది చిరునామాగానే యెంచి, ఆ స్థలమును నిలుపును. కొంత చెత్త మిగులును. ఐనను సందేహమున్నచో ఉంచుటయే మేలు. సూచనను మాఱురూపమున దాచినచో మాత్రము అదియు కనుగొనజాలదు.

చిరంజీవులారా! ఊడ్చుపనిని యంత్రమునకు అప్పగింపుడు. కాని యంత్రము చూడగలిగినది సూచననే, అవసరమును కాదు. అక్కఱతీఱిన సూచనను తొలగించుటయు, అక్కఱగలదానిని నిలుపుటయు మీ పనియే. సంతకము పెట్టువాడు మఱువరాని సంగతి యిదియే.