అటక యెక్కిన వాద్యములు – వాని వెల



మా యర్రగొండపాలెము నల్లమల యంచున నున్న యూరు. ఇచ్చటినుండి మార్కాపురము, గిద్దలూరు వఱకు గల పల్లెలలో ఒకప్పుడు పద్యనాటకములు, భజనలు విరివిగా సాగినవి. నాటకములు తగ్గినవి గాని వానితో వచ్చిన హార్మోనియము పెట్టెలు పోలేదు. కొన్ని రామమందిరముల మూలలను, కొన్ని అటకలమీద ధాన్యపు గోతముల నడుమను పడియున్నవి. ఇప్పుడు పట్టణములనుండి వర్తకులు వచ్చి, పాతపెట్టె యేమైన గలదా యని విచారించుచున్నారు. దానికెంత యడుగవలెనో, అసలు అమ్మవలెనో వలదో తోచక కొందఱు పెద్దలు నన్ను ప్రశ్నించిరి. నేను కొన్నేండ్లుగా పాతవాద్యములను చూచుచు, వానిని సేకరించువారితో మాటలాడుచు నున్నవాడను గనుక నాకు దెలిసిన సంగతులను మనవిచేసెదను.

పాతదైనంతమాత్రమున వస్తువునకు వెల రాదు. చినిగిన గోనెసంచికి ఏండ్లు పైబడినకొలది ధర పెరుగునా? వాద్యమునకు వెల వచ్చు త్రోవ వేఱు. ఆ త్రోవ స్పష్టముగ గనబడవలెనన్న పశ్చిమదేశములలో ఎలక్ట్రిక్ బేస్ గిటారునకు ధర కట్టు పద్ధతిని చూడవలెను. అది మనకు దూరపు వస్తువే యైనను దాని ధ్వని మీరెఱిగినదే. సినిమాపాటలలో అన్నిటికంటె క్రిందుగా, నేల యదరునట్లు మ్రోగు మంద్రధ్వని సాధారణముగ దానిదే. తంత్రులు నాలుగు.

కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణమున రేడియోలు బాగుచేయు నంగడి నడపిన లియో ఫెండర్ అనునతడు 1951లో ప్రెసిషన్ బేస్ అను పేర దీనిని అమ్మకమునకు దెచ్చెను. అంతకు పూర్వము మంద్రస్థాయి పలికించుటకు మనిషియెత్తు వాద్యమును నిలువబెట్టి వాయించెడివారు. దానికి మెట్లు లేవు. ఫెండరు బేస్‌కు మెట్లు గలవు గావున వ్రేలు పెట్టినచోట స్వరము తప్పదు. ఖచ్చితమని యర్థమిచ్చు ఆ పేరు అందువలన వచ్చినది. 1965 జనవరిలో ఆ కర్మాగారమును సి.బి.యస్. అను అమెరికా ప్రసారసంస్థ కొనెను. రేడియోవారు వాద్యములు చేయబూనిన నెట్లుండునో శ్రోతలు ఊహింపగలరు! తరువాత పనితనము తగ్గెనని వాయించువారిలో చాలమంది యభిప్రాయము. అది యెంతవఱకు న్యాయమో యెట్లున్నను, 1965కు ముందటి వానికే గిరాకి మిక్కుటము. మొదట సుమారు 200 డాలర్లకు అమ్ముడుపోయిన బేస్, మార్పులు లేక నిలిచియున్నచో, నేడు పదివేల డాలర్లు దాటి పలుకుచున్నది.

కొనువాడు మాటను నమ్మడు. మరలు త్రిప్పి వాద్యపు మెడను మొండెమునుండి విడదీయును. మెడ చివర చేసినవారు పెన్సిలుతో వ్రాసిన తేదీ తఱచుగ గనబడును. లోపలి విద్యుత్పరికరములపై అచ్చువేసిన యంకెలలో చేసిన కర్మాగారపు గుర్తు, సంవత్సరము, వారము గూడ నుండును. మెడ 1962 నాటిదియు, లోపలి భాగములు 1971 నాటివియు నైనచో భాగములు మార్చిరని తెలిసిపోవును, ధర దిగును. రంగు వెలిసి గీతలు పడినను మొదటిరంగే యైనచో వెల నిలుచును. అందముకొఱకు క్రొత్తరంగు వేయించినచో సుమారు సగమునకు పడిపోవును. ఇది మనకు వింతగ దోచును. మనము సంతకు దోలు నెద్దునకు కొమ్ములు చివ్వి రంగు పూయుదుము గదా!

వాయించినవాని పేరును వెలలో చేరును. 1961లో జర్మనీలోని హాంబర్గు నగరమున పాల్ మెకార్ట్నీ యను ఆంగ్లేయ యువకుడు ఫిడేలు ఆకారము గల హాఫ్నర్ బేస్‌ను సుమారు 30 పౌన్లకు కొనెను. బీటిల్స్ బృందపు పాటలతో అతని పేరు లోకమంతట వ్యాపించెను. 1972లో లండనులో ఆ వాద్యము దొంగలపాలయ్యెను. ఏబదియేండ్లు గడచినపిమ్మట ఒక యింటి అటకమీద దొరికి యజమానిని చేరినది. ఆ వార్తను 2024 ఫిబ్రవరిలో ప్రకటించిరి. అదే కర్మాగారమున అదే యచ్చున చేసిన మఱియొక బేస్‌కు ఆ విలువ యెక్కడిది?

ఇక మన హార్మోనియము సంగతి. ఇది మనదేశమున పుట్టిన వాద్యము గాదు. 1840 ప్రాంతమున పారిసులో పుట్టినది. దానిని నేలపై కూర్చుండి, ఒకచేత తిత్తి నాడించుచు వాయించు పెట్టెగ మార్చినవారిలో కలకత్తాకు చెందిన ద్వారకానాథ ఘోష్ ముఖ్యుడు. అతని ద్వార్కిన్ సంస్థ 1875లో వెలసినది. గమకము పలుకదను నాక్షేపణముతో ఆకాశవాణి 1940లో దీనిని వెలివేసెను. 1971 వఱకు ఆ తలుపు తెఱువబడలేదు. పల్లెనాటకము మాత్రము ఆ తీర్పును లెక్కసేయలేదు.

పెట్టెకు వెల దాని పైమెఱుగులో లేదు. లోపలి ఇత్తడి రీడులలో నున్నది. పారిసునుండి వచ్చిన కాస్రియెల్ రీడులకును, జర్మనీనుండి వచ్చిన జూబిలేట్ రీడులకును సేకరించువారిలో మన్నన మెండు. శ్రుతి సరిచేయువాడు రీడును గీకును. కొన గీకిన స్వరము హెచ్చును. మొదలు గీకిన తగ్గును. గీకినప్పుడెల్ల కొంతలోహము పోవును, అది తిరిగిరాదు. చీటికిమాటికి గీకించిన పెట్టె పైకెంత తళతళలాడినను లోపల అరిగియేయుండును. తిత్తి చినిగిన మార్పించుట దోషము గాదు. అది వాడుకలో అరుగు భాగము. కాని పాతరీడులు తీయించి క్రొత్తవి వేయించిన యెడల పెట్టె పేరు నిలుచును గాని గొంతు మాఱిపోవును. తప్పనిసరియై తీయించినచో ఆ పాతరీడులను గుడ్డలో మూటగట్టి పెట్టెతోనే యుంచవలెను.

మా ప్రాంతమున నొక పల్లెలో, ఊరివారి చందాలతో కొన్న పాతపెట్టెకు మాఱుగ ఒక వర్తకుడు క్రొత్తపెట్టె నిచ్చిపోయెను. కుఱ్ఱవాండ్రు సంతోషించిరి. పాతదానితో నలువదియేండ్లు పద్యములు పాడిన వృద్ధుడొకడు క్రొత్తదాని ముందు కూర్చుండి, రెండు పద్యములెత్తుకొని, తన శ్రుతి అందులో లేదని లేచిపోయెను. దానిని మోసమనుటకు నాకు నోరు రాదు. వర్తకుడడిగెను, వీరిచ్చిరి. అయినను ఒకరి యింట నున్నంతమాత్రమున ఆ పెట్టె వారిదగునా? చందా లిచ్చినవారి మనుమలు ఊరిలోనే యున్నారు. వారిని రచ్చబండకడకు పిలిచి యడుగక దానిని అమ్ముటకు గాని మార్చుటకు గాని ఎవరికిని హక్కు లేదని నా దృఢాభిప్రాయము. వచ్చిన సొమ్ము గుడికి చేరినను సరే, బడికి చేరినను సరే, ముందుగ నలుగురి మాట కావలెను.

కొన్ని యిండ్లలో వీణలును గలవు. బొబ్బిలి వీణ పనసకొయ్యతో, దండియు కుండయు ఒకే మ్రానున తొలిచి చేయుటచే ప్రసిద్ధి కెక్కినది. వీణ యొక్క 24 మెట్లును మైనముపై నిలుచును. అది యెండి బీటలు వారినచో క్రొత్తమైనము వేయించినందున వెల తగ్గదు. జాగ్రత్త పడవలసినది అలంకారముల విషయమున. పాతవీణలపై ఏనుగుదంతపు బిళ్లలు, జింకకొమ్ము పని యుండవచ్చును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును 1986లోను 1991లోను సవరించి దంతవ్యాపారమును నిషేధించిరి. తాతగారి కాలపుదని చెప్పినంతమాత్రమున అమ్ముకొన వీలులేదు. నూరేండ్లు దాటిన శిల్పవస్తువును దేశము దాటించుట ప్రజలకు నిషిద్ధము. అట్టివాని వ్యాపారము చేయువానికి లైసెన్సు కావలెను. దానిని చూపుమని వర్తకు నడుగుటకు మొగమాటపడ నక్కరలేదు.

పెట్టెను విప్పి చూడక వెల చెప్పువానిని నమ్మవలదు. ముందుగ వాద్యమెఱిగిన వానిచేత వాయింపించి, కనీసము ఇద్దఱు కొనువారిని వేర్వేరుగ అడిగి, క్రొత్తపెట్టె వెల యెంతయో విచారించి, పిమ్మట మాటలాడవలెను. అమ్మినను అమ్మకున్నను ఒక పని యున్నది. పెట్టె ఎప్పుడు ఎచ్చట కొన్నారో, చందా లెవరిచ్చిరో, ఏ నాటకమున కెవరు వాయించిరో ఒక కాగితముపై వ్రాసి, తేదీ వేసి, పెద్దలు సంతకములు చేసి లోపల నుంచవలెను. వాయించినవారు బ్రతికియుండగనే ఈ పని జరుగవలెను. ఆ కాగితమును మూతకు అంటింపవలదు. చేసినవారి పాతచీటీ అక్కడనే యుండవచ్చును, జిగురు తగిలిన అది చెడిపోవును.