విమానం ఎన్నింటికి దిగుతుంది?



నాలుగైదేళ్ల కిందటి మాట. బెంగుళూరులో ఉంటున్న మా అక్కయ్యకు శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి కూతురు ఫోను చేసింది. "అమ్మా, శనివారం రాత్రి 8-30కి విమానం ఎక్కుతున్నా. మధ్యలో ఎక్కడా ఆగదు. 17 గంటల ప్రయాణం" అంది. అక్కయ్య వేళ్లమీద లెక్కపెట్టింది. ఆదివారం మధ్యాహ్నం 1-30! పొద్దున్నే పులిహోర కలిపిపెట్టి, బావగారిని వెంటబెట్టుకుని విమానాశ్రయానికి వెళ్లింది. పిల్ల రాలేదు. చీకటి పడింది. అసలే గుండెజబ్బు మనిషి, బావగారికి చెమటలు పట్టాయి. ఆయన్ని ఆసుపత్రిలో చేర్చాల్సివచ్చింది. పిల్ల మాత్రం చెప్పిన ప్రకారమే సోమవారం తెల్లవారుజామున క్షేమంగా దిగింది. ఎదురెళ్లేందుకు ఎవరూ లేరు.

తప్పు విమానానిది కాదండీ, లెక్కది.

చలికాలంలో శాన్‌ఫ్రాన్సిస్కో గడియారం మనకంటే 13న్నర గంటలు వెనక ఉంటుంది. అక్కడ శనివారం రాత్రి 8-30 అంటే మనకు ఆదివారం ఉదయం 10. దానికి 17 గంటలు కలిపితే సోమవారం తెల్లవారుజామున 3. అక్కయ్య వెళ్లి నిలబడే వేళకి ఆ విమానం బయలుదేరి మూడున్నర గంటలే అయింది! మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా అక్కడ గడియారాలు గంట ముందుకు జరుపుతారు. ఆ రోజుల్లో తేడా 12న్నర గంటలే.

పోనీ, దూరాన్ని బట్టి గంటలు కడదామా? అదీ కుదరదు. ఒక బత్తాయిపండు మీద రెండు చుక్కలు పెట్టి దారం లాగి చూడండి. అట్లాసులో గీసే గీతకీ, గుండ్రటి భూమి మీద దగ్గర దారికీ ఉన్న తేడా తెలుస్తుంది. ఈ రెండు ఊళ్ల మధ్య దగ్గర దారి సుమారు 14,000 కిలోమీటర్లు. 2021 జనవరి 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరిన ఎయిరిండియా విమానం ఉత్తర ధ్రువం మీదుగా సుమారు 16,000 కిలోమీటర్లు ఎగిరి, 11వ తేదీ తెల్లవారుజామున బెంగుళూరులో దిగింది. తేదీలు రెండు మారినా ప్రయాణం 17 గంటలే. దాన్ని నడిపిన జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్షా సోనావరే, శివానీ మన్హాస్ నలుగురూ మన ఆడవాళ్లే!

గాలి సంగతి కూడా ఉంది. ఎత్తున వీచే గాలులు ఎక్కువగా పడమటి నుంచి తూర్పుకి పోతాయి. 2016 అక్టోబరులో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లే విమానాన్ని అట్లాంటిక్ దారి మాన్పించి పసిఫిక్ మీదుగా నడిపారు. దారి 13,900 నుంచి 15,300 కిలోమీటర్లకు పెరిగింది. అయినా గాలి తోడై, సుమారు 2 గంటలు కలిసొచ్చాయి.

అందుచేత దూరాల జోలికి పోకండి. పిల్లలు బయలుదేరే వేళను ముందు మన వేళలోకి మార్చుకోండి. ఆ తర్వాతే ప్రయాణపు గంటలు కలపండి. వచ్చిన వారం, తేదీ, వేళ క్యాలెండరు మీద పాల లెక్క పక్కనే రాసుకోండి.

ఇప్పుడు అక్కయ్యగారి హాల్లో రెండు గోడగడియారాలున్నాయి. రెండోదానికి రోజూ కీ ఇచ్చినంత శ్రద్ధగా టైము సరిచూసేది బావగారే.