ఏడవని బిడ్డకూ నొప్పి ఉంటుంది
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగం)

 

నేను డాక్టరును కాను, బడి పంతుల్ని. కొన్నేళ్ల కిందట మా బడి ఆవరణలో నాలుగో తరగతి పిల్లవాడొకడు పడ్డాడు. ఏడవలేదు. చెయ్యి పొట్టకు ఆనించుకుని మూల కూర్చున్నాడు. "ఏడవడం లేదుగా, ఏం కాలేదులే" అన్నాను. సాయంత్రం వాళ్లమ్మ ఆస్పత్రికి తీసుకెళితే ముంజేతి ఎముక విరిగిందని తేలింది. "మాస్టారు కోప్పడతారని చెప్పలేదు" అన్నాడట. ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు.

ఈ పొరపాటు వైద్యులూ చేశారు. పసికందులకు నొప్పి అంతగా తెలియదని ఒకప్పుడు నమ్మేవారు. మన దేశంలో వైద్యం చదివి ఆక్స్‌ఫర్డ్ వెళ్లిన డాక్టర్ కన్వల్‌జీత్ ఆనంద్, నెలలు నిండని శిశువులకు ఆపరేషన్‌లో గట్టి నొప్పిమందు ఇస్తే మేలుగా కోలుకుంటారని 1987లో చూపించారు. అప్పటినుంచి ఆ నమ్మకం సడలింది.

నొప్పికి థర్మామీటరు లేదు, కొలత మాత్రం ఉంది. మూడేళ్లు దాటిన పిల్లలకు ఆరు ముఖాల బొమ్మల కార్డు చూపిస్తారు. నవ్వు ముఖం సున్నా, కన్నీళ్ల ముఖం పది. ఏ ముఖమో పిల్లవాడే వేలు పెట్టి చూపాలి. మాటలు రాని బిడ్డకు ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఊరడిస్తే ఊరుకోవడం చూసి, ఒక్కోదానికి 0 నుంచి 2 మార్కులు వేస్తారు. మందిచ్చాక మళ్లీ కొలవాలి. అత్యవసర విభాగంలో "మా బిడ్డ నొప్పి ఎంతుందో చూశారా?" అని అడగడం మన హక్కు.

ఇంట్లో మనం చేయగలిగిందీ ఉంది. వేడి గంజి ఒలికితే కాలినచోట 20 నిమిషాలు కుళాయి నీళ్లు పారనివ్వండి. టూత్‌పేస్టు, సిరా పూయకండి. విరిగిందనిపిస్తే అట్ట కట్టి, కదపకుండా తీసుకెళ్లండి, 108కి ఫోన్ చేయండి. పారాసెటమాల్ మోతాదు బిడ్డ బరువును బట్టి ఉంటుంది. సిరప్‌ల బలం ఒకేలా ఉండదు, అడిగి వేయండి. ఆస్పిరిన్ వద్దు. "సూది వేయరులే" అని అబద్ధం చెప్పకండి. ఒళ్లో కూర్చోబెట్టుకుని నిజం చెప్పండి.

దాతలకు నా మనవి ఒక్కటే. ఆస్పత్రి బిల్లులకు మీరిస్తూనే ఉన్నారు. దానితోపాటు భీమవరంలోని ప్రతి బడికీ, మదరసాకూ ఒక ప్రథమ చికిత్స పెట్టె, అందులో ఒక ముఖాల కార్డు ఇప్పించండి. ఆ రోజు నా బల్లమీద అది ఉంటే, ఆ పిల్లవాడు నోరు విప్పకుండానే నాకు చెప్పేవాడు.