కెర్నెల్ మారితే డాకింగ్ స్టేషన్ మొరాయించడం: కంగారు వద్దు, ఫార్మాట్ వద్దు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు అప్పగించిన అంశం డి.ఏ. బకాయిలు కాదు, మెడికల్ రీయింబర్స్‌మెంటు కాదు. కంప్యూటరు. పెన్షనర్ల సభలో ఇదేమిటని కొందరు నవ్వుకుంటున్నారు. నవ్వండి, కాని వినండి.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ వారి మామూలు మద్దతు ముగిసింది. మన ఇళ్లలో ఉన్నవి చాలావరకు పిల్లలు వాడి వదిలిన పాత లాప్‌టాప్‌లు. వాటిలో చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. అందుకని సంక్రాంతికి వచ్చిన కొడుకో మనవడో లైనక్స్ ఎక్కించి, పెద్ద తెర, కీబోర్డు, మౌసు, ప్రింటరు అన్నీ ఒకే తీగతో తగిలేలా డాకింగ్ స్టేషన్ అనే పెట్టె ఒకటి పెట్టి వెళుతున్నాడు. మంచి ఏర్పాటే. పైసా ఖర్చు లేని లైనక్స్‌ను నేను మెచ్చుకుంటాను. కాని ఒకరోజు అప్‌డేట్ వస్తుంది. మర్నాడు పొద్దున పెద్ద తెర నల్లగా ఉంటుంది, మౌసు కదలదు. కొడుకు ఉన్న దేశంలో అప్పుడు అర్ధరాత్రి. పక్క వీధి కుర్రవాడిని పిలిస్తే ‘ఫార్మాట్ కొట్టాలండీ’ అంటాడు.

ఆ మాటకు ఒప్పుకోవద్దని చెప్పడానికే నేను ఇక్కడ నిలబడ్డాను. ఫార్మాట్ అంటే రికార్డు రూముకు నిప్పు పెట్టడం. పి.పి.ఓ. నకలు, ఆసుపత్రి బిల్లులు, పొలం కాగితాలు, పోయినవారి ఫోటోలు అన్నీ అందులోనే ఉన్నాయి. వేరేచోట నకలు లేకపోతే అవి తిరిగి రావు. డాక్ పని చేయనంత మాత్రాన వాటికి ఏమీ కాలేదు.

కెర్నెల్ అంటే ఏమిటి? 1991లో ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ రాయడం మొదలుపెట్టిన లైనక్స్‌కు అది గుండెకాయ. మన భాషలో హెడ్ గుమాస్తా. కీబోర్డు, తెర, పెన్‌డ్రైవ్ ఏది మాట్లాడాలన్నా ఆయన ద్వారానే. ఒక్కొక్క పరికరంతో వ్యవహరించే పద్ధతిని డ్రైవరు అంటారు. హెడ్ గుమాస్తా మారితే డ్రైవర్లూ కొత్తవి వస్తాయి. ఉబుంటు 24.04నే తీసుకోండి. 2024 ఏప్రిల్‌లో అది 6.8 కెర్నెల్‌తో వచ్చింది. డెస్క్‌టాప్ వాడేవారికి 2025లో అప్‌డేట్ల ద్వారా 6.11, ఆ తర్వాత 6.14 వచ్చాయి. బోర్డు మీద పేరు అదే, లోపల సీటులో మనిషి మారాడు.

ఇక్కడ సంతోషించవలసిన సంగతి, పాత హెడ్ గుమాస్తాను వెంటనే ఇంటికి పంపరు. వెనకటి కెర్నెల్ కనీసం ఒకటి మామూలుగా లాప్‌టాప్‌లోనే ఉంటుంది. దాన్ని పిలవడం ఇలా. డాక్ తీగ పీకేయండి. లాప్‌టాప్ ఆన్ చేయగానే దాని సొంత కీబోర్డు మీదే ఎస్కేప్ మీటను ఒక్కసారి నొక్కండి. మరీ పాత యంత్రాల్లో షిఫ్ట్ నొక్కి పట్టుకోవాలి. ఆత్రపడి ఎస్కేప్ పదిసార్లు నొక్కితే ‘గ్రబ్’ అన్న మాట ఒక్కటే కనిపించే నల్లతెర వస్తుంది. భయం లేదు, ఆఫ్ చేసి మళ్లీ మొదలుపెట్టండి. జాబితా వచ్చాక ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’ లోకి వెళ్లి, రెండో అంకె ఉన్న కెర్నెల్‌ను ఎంచుకోండి. ‘రికవరీ మోడ్’ అని ఉన్న వరుస వద్దు. యంత్రం లేచాక డాక్ తగిలించండి. పని చేసిందా, తప్పు కొత్త కెర్నెల్‌ వైపు ఉంది. చేయలేదా, అనుమానం డాక్ మీదికి, తీగ మీదికి తిప్పండి. ఏ కెర్నెల్ నడుస్తున్నదో తెలియాలంటే టెర్మినల్‌లో యు, ఎన్, ఎ, ఎం, ఇ అని ఇంగ్లీషు అక్షరాలు కొట్టి, ఖాళీ వదిలి, అడ్డగీత, ఆర్ కొట్టండి. వచ్చిన అంకెను కాగితం మీద రాసుకోండి. తేదీ కూడా వేయండి. తేదీ లేని నోటుకు విలువ లేదని మీకు నేను చెప్పనక్కరలేదు.

అయితే ఈ పరీక్షకు ముందే డాక్ ఎడాప్టరును గోడ ప్లగ్గులోంచి తీసి, లాప్‌టాప్ తీగ కూడా పీకి, రెండు నిమిషాలు ఆగి మళ్లీ పెట్టి చూడండి. డాక్‌లోనూ చిన్న కంప్యూటరు ఉంటుంది, అదీ బిగుసుకుపోతుంది. రెంటచింతల ఎండలకు మనుషులే సొమ్మసిల్లుతున్నారు, కిటికీ పక్కన పెట్టిన పెట్టె ఎంత? మరొకటి, డాక్ ద్వారానే ఛార్జింగ్ ఎక్కే లాప్‌టాప్ అయితే, ఆఫ్ చేసి ఉంచి డాక్ తగిలించండి. ఛార్జింగ్ దీపం అప్పుడూ వెలగకపోతే కెర్నెల్‌ను నిందించి లాభం లేదు, ఎడాప్టరో తీగో చూసుకోవాలి.

మౌసు, కీబోర్డు బాగానే ఉండి పెద్ద తెర ఒక్కటే పోయిందనుకోండి. ఎక్కువమందికి జరిగేది ఇదే. కొన్ని డాక్‌లలో డిస్‌ప్లేలింక్ అనే చిప్పు ఉంటుంది. అది తెర మీది బొమ్మను కుదించి యు.ఎస్.బి. తీగలో పంపుతుంది. దీని డ్రైవరు కెర్నెల్‌తో కలిసి రాదు, బయటినుంచి వేసుకోవాలి. డెప్యుటేషన్ ఉద్యోగి లాంటిది, అధికారి మారినప్పుడల్లా ఉత్తర్వులు మళ్లీ పుట్టాలి. ఆ పని తనంతట తాను చేసే ఏర్పాటు డి.కె.ఎం.ఎస్. పాత డ్రైవరు కొత్త కెర్నెల్‌కు సరిపడకపోతే ఆ ఏర్పాటు విఫలమవుతుంది. డిస్‌ప్లేలింక్ వారి కొత్త డ్రైవరు వేస్తే సాధారణంగా చక్కబడుతుంది. అది వేసేటప్పుడు ఒక పాస్‌వర్డు పెట్టమంటుంది. తర్వాత ఆన్ చేయగానే నీలం తెర వచ్చి ‘ఎన్‌రోల్ మోక్’ అంటుంది. అక్కడ ఎంచుకుని ఆ పాస్‌వర్డే ఇవ్వాలి. కంగారులో ‘కంటిన్యూ’ నొక్కేస్తే, సెక్యూర్ బూట్ ఆ డ్రైవరును గుమ్మం దగ్గరే ఆపేస్తుంది.

థండర్‌బోల్ట్ డాక్ అయితే సెట్టింగ్స్‌లో దానికి అనుమతి ఉందో లేదో చూడండి. కాసేపు పనిచేసి, చేయి తీయగానే నిద్రపోయే డాక్‌కు కరెంటు పొదుపు ఏర్పాటు కారణం కావచ్చు. దాన్ని ఆపే మార్గం ఉంది, మనవడి చేత చేయించండి. ఫోనులో అతనికి చెప్పవలసింది కెర్నెల్ చిట్టాలోని మాట. ఎస్, యు, డి, ఓ, ఖాళీ, డి, ఎం, ఇ, ఎస్, జి అని కొడితే అది వస్తుంది. యు.ఎస్.బి. అన్న వరుసల్లో ‘ఎర్రర్ -71’ ఉంటే సంభాషణ మధ్యలో చెడిందని, ‘-110’ ఉంటే పిలిచినా పరికరం గడువులోగా పలకలేదని అర్థం. రెండింటికీ ముందు తీగ మార్చి చూడాలి.

పాత కెర్నెల్‌తో పని జరుగుతున్నంతకాలం ‘ఆటోరిమూవ్’ అనే శుభ్రం చేసే ఆదేశం జోలికి పోవద్దు, అది పాత కెర్నెల్‌ను ఊడ్చేయవచ్చు. అలాగని ఏళ్ల తరబడి పాతదాని మీదే ఉండకూడదు, భద్రతా సవరణలు కొత్తవాటిలోనే వస్తాయి. నెలకోసారి కొత్తదాన్ని పరీక్షించండి. లోపాన్ని తయారీదారులకు తెలియజేయవచ్చు కూడా. పాతదానిలో నడిచింది కొత్తదానిలో చెడితే కెర్నెల్ రాసేవారు దాన్ని ‘రిగ్రెషన్’ అంటారు. అలాంటివి ఉండరాదన్నది టోర్వాల్డ్స్ మొదటినుంచీ పట్టుబట్టే నియమం. కనుక ‘ఫలానా అంకె దాకా బాగుంది, ఫలానా అంకె నుంచి చెడింది’ అని రాసిన రెండు వాక్యాల అర్జీకి అక్కడ విలువ ఉంది. అర్జీలు రాయడం మనకు కొత్త కాదు గదా.

లైఫ్ సర్టిఫికెట్ సంగతి కొందరు అడిగారు. జీవన్ ప్రమాణ్‌లో ఫోనుకు ముఖం చూపి ధ్రువీకరించుకునే సదుపాయం 2021 నవంబరు నుంచి ఉంది. కనుక ఈ డాక్ బాగయ్యేదాకా వేలిముద్ర యంత్రం కోసం ఎదురుచూస్తూ కూర్చోనక్కరలేదు.

భోజనాల తర్వాత వరండాలో బల్ల వేయిస్తున్నారు. లాప్‌టాప్‌లు తెచ్చినవారు డాక్‌తో పాటు దాని ఎడాప్టరు, దాని సొంత తీగ కూడా తీసుకురండి. అవి లేకుండా ఏదీ తేల్చలేము. ఇంటి దగ్గర మరచి వచ్చినవారు కెర్నెల్ అంకె రాసుకుని వచ్చే నెల సమావేశానికి రండి.